గోరుచుట్టు మీద సూదిపోటు

వేలికి ఎప్పుడైనా చిన్న ఆపరేషన్ చేయించుకున్న వాళ్లని కదిపి చూడండి. గోరు తీశారా, చీము తీశారా, కుట్లు వేశారా అన్నది రెండు ముక్కల్లో తేల్చేస్తారు. ఆ తరువాత గొంతు మారుతుంది. "అదంతా ఏం తెలీలేదు గానీ, ముందు మత్తు సూది వేశారు చూడండి..." అని మొదలుపెట్టి, ఆ సూది గురించి మాత్రం పూసగుచ్చినట్టు చెబుతారు. నొప్పి తెలియకుండా ఉండటానికి ఇచ్చిన మందే మొత్తం వ్యవహారంలో అన్నిటికన్నా ఎక్కువ నొప్పి పెట్టిందన్నమాట. ఇది ఎంత అలవాటైపోయిందంటే, ఇందులో విడ్డూరం ఉందని కూడా ఎవరికీ తోచడం లేదు.

నేను చెప్పదలుచుకున్నది ఒక్కటే. వేలికిచ్చే మత్తు ఇంజెక్షన్ నొప్పిలో తప్పించుకోలేని భాగం చాలా తక్కువ. మిగతాదంతా ఇచ్చే పద్ధతి వల్ల వచ్చేదే. ఎలా ఇస్తే తగ్గుతుందో వైద్యశాస్త్రానికి చాలా ఏళ్లుగా తెలుసు. అయినా చాలా చోట్ల పాత తీరే నడుస్తోంది. ఎందుకంటే ఆ నొప్పిని లెక్కపెట్టేవాళ్లు ఎవరూ లేరు.

నేను డాక్టర్ని కాదు. ఈ ఇంజెక్షన్ ఒకసారి చాలా ఘోరంగానూ, కొన్నేళ్ల తరువాత మరోసారి దాదాపు ఏమీ తెలియకుండానూ తీసుకున్నవాణ్ణి. చెయ్యి అదే, మందు అదే, మనిషి అదే. మరి తేడా ఎక్కడొచ్చిందో తెలుసుకోవాలన్న పట్టుదలతో చదివిందీ, తెలిసిన డాక్టర్లని విసిగించి అడిగిందీ కలిపి ఇక్కడ రాస్తున్నాను.

ముందు వేలి సంగతి. భుజానికి టీకా వేస్తే చురుక్కుమని ఊరుకుంటుంది. అదే సూది వేలి మీద పడితే ప్రాణం జివ్వుమంటుంది. ఇందులో మన పిరికితనమేమీ లేదు. ఒక్కో వేలికి నాలుగు నరాలుంటాయి: అరచేతి వైపు చెరో పక్కన రెండు పెద్దవి, పైవైపు రెండు చిన్నవి. వేలి కొసన చర్మంలో స్పర్శను పట్టే నాడుల కొసలు కిక్కిరిసి ఉంటాయి. మెదడులోనూ వేళ్లది పెద్ద పీటే. 1930లలో కెనడాలో వైల్డర్ పెన్‌ఫీల్డ్ అనే న్యూరోసర్జన్, మెలకువగా ఉన్న రోగుల మెదడు పైపొరను సన్నటి విద్యుత్తుతో తాకుతూ, శరీరంలో ఏ భాగానికి అక్కడ ఎంత చోటుందో గుర్తులు పెట్టుకున్నాడు. వీపూ పొట్టా కలిపిన మొండేనికన్నా చేతికి, వేళ్లకు దక్కిన చోటే ఎక్కువ అని తేలింది.

పైగా వేలిలో ఖాళీ లేదు. తొడలోకో భుజంలోకో మందు పోస్తే సర్దుకోవడానికి కండ ఉంటుంది, మెత్తటి కొవ్వు ఉంటుంది. వేలిలో ఉన్నదల్లా ఎముక, దాన్ని అంటిపెట్టుకున్న స్నాయువులు, కొద్దిపాటి కొవ్వు, బిగుతుగా చర్మం. రెండు మిల్లీలీటర్ల ద్రవం గబుక్కున తోస్తే చాలు, లోపల్నుంచి చీల్చుతున్నట్టు ఉంటుంది. ఇక గోరుచుట్టు లేచి, చీము పట్టి, గుండె కొట్టుకున్నప్పుడల్లా సలుపుతున్న వేలైతే చెప్పక్కర్లేదు. రోకలిపోటు దాకా ఎందుకు, అక్కడ సూదిపోటే చాలు.

అసలు మనం సూది నొప్పి అనేది ఒక నొప్పి కాదు, రెండు. సూది చర్మంలో దిగినప్పుడు చురుక్కుమనేది మొదటిది. ఆ కబురు మోసేవి ఏ-డెల్టా అనే నాడీ తంతువులు, సెకనుకు 5 నుంచి 30 మీటర్ల వేగంతో. తరువాత మందు లోపలికి పోతున్నంతసేపూ మంటగా, ఉబ్బుతున్నట్టుగా, ఎప్పుడు ఆగుతుందిరా దేవుడా అనిపించేది రెండోది. దాన్ని ఎక్కువగా మోసేవి సీ తంతువులు. వాటి వేగం సెకనుకు రెండు మీటర్లు దాటదు. చాలామంది పళ్లు బిగబట్టేది ఈ రెండోదానికే. అంటే సూదిని తిట్టుకుంటాం గానీ, తిట్లలో పెద్ద వాటా నిజానికి మందుకు చెందాలి. "చాలా సన్న సూది వాడుతున్నాం" అని భరోసా ఇచ్చేవాళ్లు సగం సమస్యకే జవాబు చెబుతున్నారు.

ఆ మందు పేరు లిగ్నోకైన్. లిడోకైన్ అన్నా అదే. 1884లో కార్ల్ కోలర్ అనే కంటి డాక్టరు కొకైన్‌తో లోకల్ అనస్థీషియాకు దారి తీశాడు. 1905లో ప్రొకేన్ వచ్చింది. 1943లో స్వీడన్‌లో నిల్స్ లోఫ్‌గ్రెన్, బెంగ్ట్ లుండ్‌క్విస్ట్ కలిసి లిగ్నోకైన్ తయారుచేశారు. 1948లో అది మార్కెట్లోకి వచ్చింది. లుండ్‌క్విస్ట్ ఆ మందును తన ఒంట్లోకే ఎక్కించుకుని చూశాడు. ఇప్పటి ఎథిక్స్ కమిటీలు చూస్తే గుండెలు బాదుకుంటాయి. అది మంచి మందే, ఎనభై ఏళ్లయినా దాని స్థానం చెక్కుచెదరలేదు. కానీ సీసాలో చెడిపోకుండా ఉండాలంటే దాన్ని ఆమ్లంగా ఉంచాలి. మంట మొదలయ్యేది అక్కడే.

మన కణజాలం పీహెచ్, అంటే ఆమ్లగుణాన్ని కొలిచే అంకె, సుమారు 7.4. మామూలు 1 శాతం లిగ్నోకైన్‌ది 6 దరిదాపుల్లో ఉంటుంది. రక్తనాళాల్ని ముడిచే అడ్రినలిన్ కలిపి అమ్మే లిగ్నోకైన్‌ది ఇంకా తక్కువ, సుమారు 4.2. అడ్రినలిన్ పాడవకుండా ఉండాలని దాన్ని మరింత ఆమ్లంగా చేస్తారు. పీహెచ్ ఒక్క అంకె తగ్గితే ఆమ్లగుణం పది రెట్లు పెరిగినట్టు, మూడంకెలు తగ్గితే వెయ్యి రెట్లు. అలాంటి ద్రవాన్ని వేలిలోకి తోసి, "కొంచెం మంటగా ఉంటుందండీ" అంటారు.

ఇందులో ఇంకో తిరకాసు ఉంది. లిగ్నోకైన్ పనిచేసేది నాడి లోపలికి దూరాక. అక్కడ సోడియం అయాన్లు వెళ్లే దారిని మూసేస్తుంది, దాంతో నొప్పి కబురు ముందుకు పోదు. కానీ నాడి పొరను దాటాలంటే మందు అణువు మీద విద్యుదావేశం ఉండకూడదు. పీహెచ్ 7.4 దగ్గర దాదాపు నాలుగో వంతు అణువులు అలా దాటగలిగే రూపంలో ఉంటాయి. 4.2 దగ్గర లెక్క వేస్తే సుమారు అయిదు వేలల్లో ఒకటి. శరీరం ఆ ఆమ్లాన్ని మెల్లగా సరిచేసుకునేదాకా మంట మాత్రం ఉంటుంది, మత్తు ఉండదు. రోగి కోణంలో చూస్తే ఇంతకన్నా చెడ్డ బేరం లేదు.

దీనికి విరుగుడు కొత్తదీ కాదు, ఖరీదైనదీ కాదు. 8.4 శాతం సోడియం బైకార్బొనేట్ ఒక పాలు, అడ్రినలిన్ ఉన్న 1 శాతం లిగ్నోకైన్ పది పాళ్లు కలిపితే పీహెచ్ శరీరానికి దగ్గరగా వస్తుంది. మంట తగ్గుతుంది, మత్తు త్వరగా ఎక్కుతుంది. ఈ విషయం మీద జరిగిన ప్రయోగాలన్నిటినీ కలిపి చూసిన కొక్రేన్ సమీక్ష 2010లో నొప్పి తగ్గుతుందనే తేల్చింది. బైకార్బొనేట్ ఆసుపత్రుల్లో ఎమర్జెన్సీ మందుల్లో ఎలాగూ ఉంటుంది. కలిపాక నిల్వ ఉండదు కాబట్టి ఎప్పటికప్పుడు కలుపుకోవాలి, అంతే శ్రమ. మందును ఒంటి వేడికి వెచ్చబెట్టడం కూడా పనిచేస్తుంది. ఫ్రిజ్‌లోంచి తీసిన సీసాను నేరుగా సిరంజిలోకి ఎక్కించడం మాత్రం క్షమించరానిది.

ఇవన్నీ చెప్పాక కూడా, నన్నడిగితే అసలు ముద్దాయి వేగం. బైకార్బొనేట్ లేకపోయినా, మందు చల్లగా ఉన్నా, నెమ్మదిగా ఇచ్చే చెయ్యి ఉంటే చాలా నొప్పి తప్పుతుంది. 30 గేజ్ సూదిని నేను మెచ్చుకునేది అది సన్నగా ఉన్నందుకు కాదు. ఎంత తొందరపడ్డా దానిలోంచి మందు వేగంగా పోదు, అందుకు. తొందరపడే చేతికి అదే కళ్లెం.

నెమ్మదిగా అంటే ఎలాగో కూడా చెప్పాలి, లేకపోతే ప్రతివాళ్లూ తాము నెమ్మదిగానే ఇస్తున్నామంటారు. సూదిని ఏటవాలుగా కాకుండా నిటారుగా దించాలి. అలా దింపితే చర్మంలో అది ప్రయాణించే దూరం తగ్గుతుంది, దారిలో తగిలే నాడుల కొసలూ తగ్గుతాయి. చర్మం దాటగానే ఆగాలి. కొద్దిగా, అర మిల్లీలీటరు లోపు, మందు వదిలి, సూది కొస కదలకుండా చెయ్యి ఆనించి పట్టుకోవాలి. మంట పోయిందని రోగి చెప్పేదాకా, అర నిమిషమో ముప్పావు నిమిషమో, ఏమీ చేయకుండా ఉండాలి. చూసేవాళ్లకు డాక్టరు ఖాళీగా కూర్చున్నట్టే కనిపిస్తుంది, కానీ పనంతా ఆ ఆగడంలోనే ఉంది. ఆ తరువాత మిగతా మందు. చుట్టూ విస్తరించాల్సి వస్తే, అప్పటికే మత్తెక్కిన చోటు దాటి సూది కొస ముందుకు పోకూడదు. మందు ముందు, సూది వెనక.

ఎక్కడ గుచ్చాలన్న దాని మీద డాక్టర్లలోనే రెండు వర్గాలున్నాయి. పాత పద్ధతిలో వేలి మొదట్లో పైవైపు నుంచి ఇటొకటి అటొకటి రెండు పొడుపులు. కొందరు చుట్టూతా పోసి రింగ్ బ్లాక్ అంటారు. 1990లో చియు అనే సర్జన్ అరచేతి వైపు నుంచి ఒక్క పొడుపుతో, స్నాయువు తొడుగులోకి మందు ఇచ్చే పద్ధతి చెప్పాడు. ఆ మరుసటి ఏడాది ఇంకొకరు, అంత లోపలికి వెళ్లక్కర్లేదు, చర్మం కింది కొవ్వులో వదిలినా సరిపోతుంది అన్నారు. ఇప్పుడు చాలామంది చేతి సర్జన్లు ఇష్టపడేది ఈ చివరిదే. అరచేతి వైపు చర్మం మందం, నాడులు ఎక్కువ, అక్కడ పొడిస్తే నొప్పి ఎక్కువ కదా అన్నది అవతలివాళ్ల వాదన. ఆ మాట కొట్టిపారేయలేం. కానీ రెండుసార్లు కన్నా ఒక్కసారి నయమన్నది రోగికి ఎవరూ నేర్పక్కర్లేదు. ఒక చిక్కు మాత్రం ఉంది. వేలి పైవైపు, మొదటి కణుపు మీద పని ఉంటే ఈ ఒక్క ఇంజెక్షన్ చాలకపోవచ్చు. గోరు దగ్గర పనికైతే మామూలుగా చాలు.

ఇప్పుడు నా వేలి సంగతి. మొదటిసారి గోరుచుట్టు ముదిరి వెళ్లాను. బయట జనం, లోపల హడావుడి. "చీమ కుట్టినట్టు ఉంటుంది, అంతే" అన్నాడు డాక్టరు. కుర్చీలో కూర్చునే ఉన్నాను. ఒక పక్క గుచ్చి సిరంజిలో సగం ఒక్క ఊపున తోసేశాడు, తీసి రెండో పక్క గుచ్చి మిగతా సగం తోసేశాడు. వేలు తెల్లగా పాలిపోయి ఉబ్బింది. నా నోట్లోంచి వచ్చిన శబ్దానికి బయట కూర్చున్నవాళ్లు లోపలికి తొంగిచూశారు. అది చాలదన్నట్టు, మందు ఎక్కేదాకా ఆగకుండానే కత్తి పెట్టాడు. తెలుస్తోంది సార్ అంటే, "అది టెన్షన్, నొప్పి కాదు" అని, మళ్లీ అరిచాక ఇంకొంచెం మందు వేశాడు. అదీ అదే వేగంతో. ఆయన చెడ్డవాడని నేను అనను. చీము శుభ్రంగా తీశాడు, వేలు బాగైంది. ఆయన లెక్కలో ఆ రోజు పని విజయవంతమే. నా నొప్పి ఆ లెక్కలోకి రాలేదు, అంతే.

తరువాత మరోసారి, వేరే వేలు తెగి కుట్లు పడాల్సి వచ్చినప్పుడు, వేరే చోట, వేరే డాక్టరు. ఆవిడ ముందు పడుకోమన్నారు. సూది కనిపించకుండా చెయ్యి పక్కకు పెట్టుకున్నారు. గుచ్చబోయే చోటుకు దగ్గర్లో చర్మాన్ని గట్టిగా గిల్లి పట్టుకున్నారు. "మొదట ఒకసారి తెలుస్తుంది. ఆ తరువాత ఎప్పుడు నొప్పి అనిపించినా 'ఇప్పుడు' అనండి, నేను ఆగుతాను" అన్నారు. నాకు ధైర్యమిచ్చింది ఆ చివరి మాట. ఆపే అధికారం నా చేతిలో ఉందని తెలిశాక భుజాలు వాటంతటవే దిగాయి. మొదట 'ఇప్పుడు' అన్నాను. ఆవిడ ఆగారు. మంట చల్లారిందా అని అడిగి మళ్లీ మొదలుపెట్టారు. ఆ తరువాత వేలు బరువెక్కడం తెలిసింది గానీ, నొప్పి అనదగ్గది రాలేదు. అంతా కలిపితే మొదటి డాక్టరు కన్నా ఓ మూడు నాలుగు నిమిషాలు ఎక్కువ పట్టి ఉంటుంది.

ఆ గిల్లడం వెనకా శాస్త్రం ఉంది. 1965లో మెల్జాక్, వాల్ అనే ఇద్దరు, స్పర్శను మోసే లావుపాటి తంతువులు పనిలో ఉంటే వెన్నుపాములో నొప్పి కబురుకు దారి కొంత మూసుకుపోతుందని ప్రతిపాదించారు. దెబ్బ తగిలిన చోట మనం చేత్తో రుద్దుకునేది అందుకే. తరువాతి పరిశోధనలో ఆ సిద్ధాంతం వివరాలు కొన్ని మారాయి, అయినా గిల్లడం, వణికించే చిన్న యంత్రం పెట్టడం, ఐస్ ఆనించడం లాంటివి ఇప్పటికీ వాడతారు. మత్తు క్రీములు రాస్తే సరిపోదా అని అడుగుతారు. పల్చటి చర్మం మీద గంటసేపు పెడితే బాగానే పనిచేస్తాయి. అరచేతి వైపు మందపాటి చర్మంలోకి సరిగా దిగవు.

'ఇప్పుడు' అనమనడం ఆ డాక్టరు సొంత అలవాటనుకున్నాను. తరువాత చదువుతుంటే దాని వెనక పెద్ద కథే ఉందని తెలిసింది. కెనడాలో న్యూ బ్రన్స్‌విక్‌లోని సెయింట్ జాన్‌లో డోనాల్డ్ లలోండ్ అనే చేతి సర్జన్ ఉన్నాడు. ఆయనా, ఆయన సహచరులూ వైద్య విద్యార్థులకు ఇంజెక్షన్ నేర్పడానికి గోల్ఫ్ లెక్క పెట్టారు. నొప్పి వచ్చిన ప్రతిసారీ రోగి చెప్పాలి. మొత్తమ్మీద ఒక్కసారే అయితే హోల్ ఇన్ వన్. రెండుసార్లయితే ఈగిల్, మూడైతే బర్డీ. నాకు గోల్ఫ్ ఒక్క ముక్క తెలియదు, కానీ అంకె తగ్గే కొద్దీ గొప్ప అని అర్థమైతే చాలు. 2012లో వాళ్లు అచ్చువేసిన వ్యాసంలో, ఇంకా చదువుకుంటున్నవాళ్లు ఇచ్చినా ఎక్కువమంది రోగులు ఒక్క పొడుపు నొప్పే చెప్పారు. అంటే ఇది హస్తవాసి కాదు, నేర్పితే వచ్చే పని. "కొందరి చెయ్యి తేలిక" అని మనం మురిసిపోతుంటాం. తేలిక చెయ్యి అంటే చాలావరకు ఆగడం తెలిసిన చెయ్యి.

వైద్యంలో అలవాటు ఎంత గట్టిదో తెలియాలంటే అడ్రినలిన్ కథ చూడాలి. అడ్రినలిన్ రక్తనాళాల్ని ముడుచుకునేలా చేస్తుంది. మందు అక్కడే ఎక్కువసేపు నిలుస్తుంది, రక్తం తక్కువ కారుతుంది. వేలికి బిగించే రబ్బరు కట్టు అవసరం కూడా చాలాసార్లు ఉండదు. కానీ వేలికి అడ్రినలిన్ ఇస్తే రక్తం ఆగి వేలు చచ్చిపోతుందని దశాబ్దాలపాటు పాఠ్యపుస్తకాల్లో రాశారు, పరీక్షల్లో అడిగారు. 2001లో ఒక సర్జన్ పాత పత్రికలన్నీ వెతికితే వేలు పాడైన కేసులు 48 దొరికాయి, ఎక్కువ భాగం 1950కి ముందువి. అందులో అడ్రినలిన్ వాడినవి 21 మాత్రమే. లిగ్నోకైన్‌తో అడ్రినలిన్ కలిపి అమ్మే మందు వల్ల పాడైనది ఒక్కటీ లేదు. అసలు దోషి పాత ప్రొకేన్ అయ్యుండొచ్చని ఇప్పుడు చాలామంది అభిప్రాయం, నిల్వ ఉన్న కొద్దీ అది విపరీతంగా ఆమ్లంగా మారేది. 2005లో లలోండ్ బృందం చేతికి, వేళ్లకు అడ్రినలిన్ ఇచ్చిన 3,110 కేసులు వరసగా చూసి, ఒక్క వేలు కూడా పోలేదని రాసింది. పైగా అవసరమైతే దాని ప్రభావాన్ని తిప్పికొట్టే ఫెంటోలమైన్ అనే మందు ఉంది. వేళ్లకు రక్తప్రసరణ ముందే సరిగా లేనివాళ్ల విషయంలో జాగ్రత్త పడాల్సిందే, అది వేరు. మందు 1948లోనే మారింది, దాని మీది భయం మాత్రం అరవై ఏళ్లు పాతదే నడిచింది. "మేం ఎప్పుడూ ఇలాగే ఇస్తాం" అన్న మాట విన్నప్పుడల్లా నాకు ఈ కథే గుర్తొస్తుంది.

ఇక ఆ చీమ. చీమ కుట్టినట్టు ఉంటుంది అని చెప్పేవాళ్ల ఉద్దేశం మంచిదే. కానీ మాట కూడా నొప్పిని పెంచుతుంది. 2010లో వచ్చిన ఒక అధ్యయనంలో ప్రసవానికి వచ్చిన మహిళలకు వెన్నులో మత్తు ఇచ్చేముందు చర్మాన్ని మొద్దుబార్చే ఇంజెక్షన్ ఇచ్చారు. కొందరితో, ఇది ఆ చోటును మొద్దుబారేలా చేస్తుంది, మీకు హాయిగా ఉంటుంది అన్నారు. ఇంకొందరితో, పెద్ద తేనెటీగ కుట్టినట్టు ఉంటుంది, ఇదే అన్నిటికన్నా కష్టమైన భాగం అన్నారు. సూది ఒకటే, మందు ఒకటే. పదికి నొప్పి ఎంతో చెప్పమంటే మొదటివాళ్ల మధ్యస్థ అంకె 3, రెండోవాళ్లది 5. అలాగని అబద్ధం చెప్పమని కాదు. చీమ అనడంలో ఇంకో ఇబ్బంది కూడా ఉంది. చీమ కన్నా ఎక్కువ నొప్పి పుట్టినప్పుడు, తప్పు తనదే, తనకే ఓర్పు లేదు అనుకుని రోగి నోరు మూసుకుంటాడు. డాక్టరుకు తెలియాల్సిన సమాచారం అక్కడే ఆగిపోతుంది.

ఇన్ని చెప్పినా ఎదురయ్యే మొదటి జవాబు, టైమ్ ఎక్కడుంది అని. బయట అంతమంది కూర్చుంటే ఒక్కో వేలికి అయిదేసి నిమిషాలు ఇవ్వగలమా అంటారు. వాళ్ల పని ఒత్తిడి నిజమే, దాన్ని నేను తేలిగ్గా తీసుకోను. కానీ లిగ్నోకైన్ వేలిలో పూర్తిగా పనిచేయడానికి ఎలాగూ అయిదు నుంచి పది నిమిషాలు ఆగాలి. ఇంజెక్షన్‌లో మిగిల్చిన మూడు నిమిషాలు ఆ ఆగడంలో కలిసిపోవాల్సినవే. నెమ్మదిగా ఇచ్చి, రోగిని పక్కన పడుకోబెట్టి, ఈలోగా ఇంకొకరిని చూడొచ్చు. హడావుడిగా ఇచ్చి, హడావుడిగా కోసి, రోగి అరిచాక మళ్లీ ఇచ్చే పద్ధతిలో నిజంగా ఎంత టైమ్ మిగిలిందో ఎవరైనా గడియారం పెట్టి చూశారా? వేలు నలిగిపోయి రక్తం కారుతున్న ఎమర్జెన్సీ వేరు. అక్కడ ఈ లెక్కలు మాట్లాడను.

రెండో జవాబు ఇంకా ప్రమాదకరం: "ఒక్క నిమిషం నొప్పికి ఇంత గోలా?" ఆ నిమిషం ఆ నిమిషంతో పోదు. దాన్ని రుచి చూసినవాడు మళ్లీ గోరుచుట్టు లేస్తే వెళ్లడు. ఉప్పునీళ్లలో ముంచుతూ, ఏదో ఆయింట్‌మెంట్ రాస్తూ రోజులు నెడతాడు. చీము వేలి కొస కండలోకి, అక్కడి నుంచి ఎముకకో స్నాయువు తొడుగుకో పాకితే అప్పుడు పెద్ద ఆపరేషనే. చీము పట్టిన కణజాలం ఆమ్లంగా ఉంటుంది కాబట్టి అక్కడ మత్తు కూడా సరిగా ఎక్కదు. నొప్పికి భయపడి ఆగినవాడికి ఇంకా ఎక్కువ నొప్పి రాసిపెట్టి ఉంటుంది. పిల్లల సంగతి అయితే మరీను. చిన్నప్పుడు నలుగురు పట్టుకుని పొడిపించిన సూదిని పెద్దయ్యాక కూడా మరిచిపోని వాళ్లు నాకు చాలామంది తెలుసు.

కొన్నిసార్లు ఈ ఇంజెక్షనే అక్కర్లేదని కూడా చాలామందికి తెలియదు. తలుపు సందులో పడి గోరు కింద రక్తం గడ్డకట్టి సలుపుతుంటే, గోటికి చిన్న రంధ్రం పెట్టి ఆ రక్తాన్ని వదిలేస్తే చాలు. గోటిలో నాడులుండవు కాబట్టి సరిగా చేస్తే నొప్పి ఉండదు. గోరుచుట్టులో చీము చర్మం అంచునే పసుప్పచ్చగా కనిపిస్తుంటే, గోటి పక్క చర్మాన్ని మెల్లగా ఎత్తి దాన్ని వదిలెయ్యడం చాలాసార్లు మత్తు లేకుండానే కుదురుతుంది. ఇది డాక్టరు నిర్ణయించాల్సిన విషయమే, ఇంట్లో సూదులతో ప్రయోగాలు వద్దు. కానీ "మత్తు తప్పనిసరా?" అని అడగడంలో తప్పు లేదు.

అడగాల్సినవి ఇంకా ఉన్నాయి. పడుకుని చేయించుకుంటానని చెప్పండి, ముఖ్యంగా సూది చూస్తే కళ్లు తిరిగే అలవాటు ఉంటే. రక్తపోటు ఒక్కసారిగా పడిపోవడం వల్ల వచ్చే ఆ మూర్ఛ పడుకున్నవాళ్లలో తక్కువ. నెమ్మదిగా ఇవ్వమని అడగండి. పూర్వం మత్తుమందు పడకపోయి ఉంటే, చలికి వేళ్లు తెల్లబడే జబ్బుంటే ముందే చెప్పండి. కోసేముందు ఒకసారి గుచ్చి చూడమనండి. మత్తెక్కినా నొక్కుతున్నట్టు, లాగుతున్నట్టు తెలుస్తూనే ఉంటుంది, అది సహజం. పదునుగా తెలిస్తే మాత్రం మందు ఇంకా ఎక్కనట్టే. ఈ తేడా ముందే చెప్పే డాక్టర్లు తక్కువ, దాంతో కొందరు ఊరికే భయపడతారు, కొందరు నిజమైన నొప్పిని కూడా అనవసరంగా ఓర్చుకుంటారు.

కేసు షీటులో బీపీకి గడి ఉంది, జ్వరానికి గడి ఉంది, ఇచ్చిన మందు ఎన్ని మిల్లీలీటర్లో రాయడానికి చోటుంది. ఇస్తున్నప్పుడు రోగికి ఎన్నిసార్లు నొప్పి వచ్చిందో రాసే గడి నేను ఎక్కడా చూడలేదు. ఆ అంకె లేనంతకాలం, బాగా ఇచ్చినవాళ్లకూ తెలియదు, బాగా ఇవ్వనివాళ్లకూ తెలియదు. కాబట్టి ప్రస్తుతానికి ఆ అంకె రోగే చెప్పాలి. కుట్లు వేయడం అయిపోయాక నాకు ఎన్నిసార్లు నొప్పి వచ్చిందని ఆ డాక్టరు అడిగారు. ఒకటిన్నర అన్నాను. ఆవిడ నవ్వకుండా, ఆ అర ఎప్పుడు వచ్చింది, సూది లోపల ఉన్నప్పుడా, బయటికి తీస్తున్నప్పుడా అని అడిగి తెలుసుకున్నారు.